అక్షరాలు పెద్దవి చేసుకున్నందుకు

భద్రాచలం దగ్గర ఒక మిషన్ దవాఖానాలో చీటీలు రాసే కౌంటర్ నాది. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజులవి. ఖమ్మంలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన మా కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసి, పనిచేసేవాళ్లందరికీ తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లారు.

అప్పటికి నాకు నలభై దాటాయి. తెర మీద అక్షరాలు అలుక్కుపోయినట్టుండేవి. చర్చిలో వాక్యం చదవమంటే గొంతు బాగాలేదని తప్పించుకునేదాన్ని. చూపు ఆనడం లేదని తెలిస్తే కౌంటర్‌లోంచి తీసేస్తారని భయం. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు సెట్టింగులు తెరిచి అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. ప్రాణం లేచొచ్చినట్టయింది.

మర్నాడు పొద్దున పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పనే వచ్చింది. అడవి ఊళ్ల నుంచి నడిచొచ్చినవాళ్లు జ్వరాలతో వరుసలో నిలబడి ఉన్నారు. ఏం ముట్టుకున్నావని డాక్టరమ్మ అడిగింది. ఏమీ ముట్టుకోలేదన్నాను. పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటుందని వెనక ఎవరో నవ్వారు. ఆ రోజంతా చీటీలు చేత్తోనే రాశాను.

కబురందుకుని ఖమ్మం ఆయన మరుసటి రోజు వచ్చారు. డాక్టరమ్మ, నర్సులు చుట్టూ నిలబడి ఉండగా నా ఖాతా తెరిచారు.

"అక్షరాలు గింత పెద్దగ ఎవరు పెట్టిన్రు?"

అందరూ నా వైపు చూశారు. చెవులు వేడెక్కిపోయాయి.

"నేనే సార్. కనబడ్తలేవు," అన్నాను.

ఆయన తను రాసిన ప్రోగ్రాం తెరిచి చూసి తల గీరుకున్నారు. "తప్పు నీది కాదక్కా, నాది. మనిషి ఎవరో గుర్తుపట్టేది, ఆ మనిషికి అక్షరాలు ఎంత కావాల్నో గుర్తుపెట్టుకునేది, రెండూ ఒక్క కాడనే పెట్టిన. నువ్వు అక్షరాలు మార్చి సేవ్ కొట్టంగనే, పక్కన పాస్‌వర్డ్ గడి ఖాళీగ ఉన్నదని పాత పాస్‌వర్డ్ గూడ తుడిచిపెట్టింది."

సాయంత్రానికి పాస్‌వర్డ్‌లు ఒకచోట, సెట్టింగులు ఇంకోచోట ఉండేట్టు రెండూ విడదీశారు. పరీక్షించడానికి నన్నే అక్షరాలు మళ్లీ పెద్దవి చేయమన్నారు. అంతమంది చూస్తుండగా చేశాను. బయటికొచ్చి పాస్‌వర్డ్ కొడితే ఈసారి తెరుచుకుంది. వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నేను తలెత్తలేదు.

డాక్టరమ్మ కసరలేదు. కళ్ల పరీక్షకు రాసిస్తూ, "ముందే చెప్తే అయిపోతుండె గదా," అంది, అంతే. ఆ మెత్తదనం తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

కళ్లద్దాలు వచ్చాయి. కౌంటర్ కూడా పోలేదు. అయినా చాలాకాలం, వెనక అడుగుల చప్పుడైతే చాలు, నా చెయ్యి అక్షరాలు చిన్నవి చేయడానికి పోయేది.