ఖో అనకముందే లేచిన పిల్ల

నేను డిగ్రీ పాసైన! మా ఇంట్ల ఇంతవరకు ఎవ్వరూ పదో తరగతి దాటలె. ఫోన్ల రిజల్టు కనబడ్డప్పుడు తిరుమలగిరి గ్రౌండ్‌ల ఉన్న, గట్టిగ అరవాలనిపించింది. అమ్మకు ఫోన్ చేస్తే, ఆమె అల్వాల్‌ల పనిచేసే ఇంట్ల మిక్సీ చప్పుడు. "మంచిగైంది బిడ్డా, మళ్ల మాట్లాడుత" అని పెట్టేసింది. ఇంకెవరికి చెప్పాలె? నేను సాయంగ పనిచేసే కోచ్ సార్‌కు చెప్పిన.

"అచ్ఛా, ముబారక్" అని విజిల్ నా చేతుల పెట్టిండు. "సెలక్షన్లు షురూ చెయ్యి."

ఆడపిల్లల ఖోఖో టీమ్‌కు పన్నెండు మంది కావాలె. ఈ ఆటల వరుసగ కూసున్నోళ్లు, తరిమేటామె వెనకనుంచి తట్టి "ఖో" అన్నంకనే లేచి, తప్పించుకుంట ఉరికేటామెను పట్టాలె. కాప్రా నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చిన సన్నపిల్ల మూడుసార్లు ముందే లేచింది. సార్ ఆమె పేరు కొట్టేసిండు. పిల్ల పక్కకు పోయి నిలబడ్డది, ఏడుపు ఆపుకుంట.

నాకు ఒకటి మనసుల పడ్డది. మూడుసార్లు సుత సరిగ్గ ఉరికేటామె మలిగే దిక్కే లేచింది.

"సార్, ఒక్కసారి చూద్దాం."

"ఏందమ్మా, పొద్దున పాసైనవ్, ఇప్పుడే నాకు నేర్పిస్తవా?"

అందరు నవ్విన్రు. నేను మళ్ల ఆట పెట్టిచ్చి పిల్లను కూసోబెట్టిన. "లేవకు. ఉరికేటామె ఎటు మలుగుతదో నోటితోటి చెప్పు."

"ఎడమ... మళ్ల ఎడమ... కుడి." మలగకముందే చెప్తున్నది! ఒక్కటే తప్పైంది.

"ఎట్ల తెలుస్తది?"

"ఆమె భుజం చూస్త అక్కా."

సార్ పేర్ల కాగితం నా దిక్కు తిప్పిండు. "సరే. మరి పన్నెండుల ఎవర్ని తీసేస్తవ్? నువ్వే చెప్పు."

గా సంగతి నేను అనుకోనేలేదు. పొడుగుగ, మస్తు జోరుగ ఉరికే ఒక పిల్ల ఉండె. కానీ ఆటంత ఆమె తన కాళ్లనే చూసుకున్నది. ఆమె పేరే చెప్పిన. దగ్గరికి పోతే, "పర్లేదు మేడమ్" అని బూట్లు ఇప్పుకుంట ముఖం తిప్పుకున్నది.

"ఆ పిల్ల ముందే లేచుడు నువ్వే మాన్పియ్యాలె, పోటీలకు పదిహేను రోజులే టైమ్," అని సార్ బండెక్కి పోయిండు. పిల్లలు గుంపుగ బస్టాప్ దిక్కు నడిచిన్రు. సన్నపిల్ల సుత వాళ్లల్ల కలిసి నవ్వుకుంట పోయింది.

ఖాళీ గ్రౌండ్‌ల ఆ పిల్ల కూసున్న గడిల నేను కూసున్న. అంత ముందే తెలిసినామెను ఎట్ల ఆపాలె? కాళ్లు తిమ్మిరెక్కినయ్. అయినా లేవలేదు.