రహీం చాచా మరిచిపోలేదు

ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనని మాట ఒకటి నా దగ్గర ఉంది. చిన్న మాటే. నోటిదాకా వచ్చి ఎన్నోసార్లు వెనక్కి పోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది.

ఎనభయ్యో దశకంలో నేను ఖానాపూర్ దవాఖానాలో నర్సును. పెళ్లి కాలేదు. నావాళ్లంతా కరీంనగర్ దిక్కు. ఒక పెంకుటింట్లో ఒక వాటా నాది, పక్క వాటా రహీం చాచాది. ఆయన తాలూకా ఆఫీసులో రికార్డులు చూసే గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్య లేదు, కూతురిని సుల్తానాబాద్ ఇచ్చాడు. ఏ పొలం కాగితం ఏ కట్టలో ఉందో, ఎవరి తాత పేరేమిటో ఆయనకు నోటికి వచ్చు. ఆఫీసువాళ్లు కూడా అరుగు దగ్గరికొచ్చి అడిగిపోయేవాళ్లు. కళ్లు మూసుకుని, ఒక్క క్షణం ఆగి చెప్పేవాడు. తప్పు పోయేది కాదు.

ఆయనకు ప్రాణమైన వస్తువు ఒక ట్రాన్సిస్టర్ రేడియో. కొని పద్నాలుగేళ్లయినా కొత్తదానిలా ఉండేది. విన్నాక మెత్తటి గుడ్డతో తుడిచి తోలు కవరులో పెట్టేవాడు. నెలకోసారి నా దగ్గర కాస్త స్పిరిటు, దూది అడిగి తీసుకుని, సెల్లులు ఆనే స్ప్రింగులు శుభ్రం చేసేవాడు. రెండు రోజులు ఊరికి పోయినా సరే, సెల్లులు తీసి వేరే డబ్బాలో పెట్టాల్సిందే. లోపలే ఉంటే అవి కారి, ఆ రసం రేడియోను తినేస్తుందని నాకు చెప్పింది ఆయనే.

ఒక వానాకాలం కూతురి కాన్పుకని రెండు నెలలు ఉండి రావడానికి సుల్తానాబాద్ వెళ్లాడు. ఎండ కాసిన రోజు కిటికీలు తెరవమని, లేకపోతే ఇల్లు చెమ్మ పడుతుందని రెండో తాళంచెవి నాకిచ్చాడు. ఆయన అడిగింది అంతే.

వానలు పట్టుకున్నాయి. దవాఖానా నుంచి వస్తే పలకరించే మనిషి లేదు. చాచా ఉన్నప్పుడు గోడ అవతల నుంచి సాయంత్రం వార్తలు వినిపించేవి. అది నాకు తోడని ఆ నిశ్శబ్దంలోనే తెలిసింది. ఒకరోజు కిటికీలు తెరవడానికి వెళ్లి, డబ్బాలోని సెల్లులు తీసి రేడియోలో వేశాను. అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేవాడు. అడగకుండా తీసుకోవడం దొంగతనమేనా? అప్పుడు అనిపించలేదు. ఆ తర్వాత రోజూ ఆయన కుర్చీలో కూర్చుని ఒక గంట వినేదాన్ని. ఇరవై రోజులు అలా గడిచాయి. అంతలో ట్రైనింగుకని ఆదిలాబాద్ రమ్మన్నారు. వాకిట్లో జీపు హారన్ కొడుతుంటే రేడియోను కవరులో పెట్టి, తాళం వేసి పరుగెత్తాను.

నెల దాటి తిరిగొచ్చేసరికి చాచా అరుగు మీద ఉన్నాడు. ముందు పేపరు పరిచి, దాని మీద విప్పిన రేడియో పెట్టుకున్నాడు. స్ప్రింగులు చిలుమెక్కి, లోపలంతా తెల్లటి పొక్కులు. ఇక పలకదని రిపేరు చేసేవాడు తేల్చి చెప్పాడట.

“బిడ్డా, పొయ్యేటప్పుడు సెల్లులు తీసి డబ్బాల వెట్టిన. నాకు మంచిగ యాదికున్నది. మరి లోపలికెట్లొచ్చినయ్?”

ఆయన చూపులో అనుమానం లేదు. సాయం అడుగుతున్నట్టుంది.

“మీరే మర్సిపోయిండ్రేమో చాచా,” అన్నాను. “పొయ్యే పరేషాన్ల గట్లనే అయితది. వయసు గూడ వచ్చె గదా.”

ఆయన చిలుమెక్కిన స్ప్రింగును వేలితో రుద్ది చూశాడు. తర్వాత మెల్లగా, “అయితే నేనే మర్సినట్టున్న,” అన్నాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూసేవాడు. మందుబిళ్ల వేసుకున్నానా లేదా అని నన్నడిగేవాడు. పొలం కాగితాల గురించి ఎవరైనా వస్తే కళ్లు మూసుకునేవాడు కాదు. “నాకు యాదికి లేదు, ఆఫీసుల అడుగుండ్రి,” అని పంపేసేవాడు. నేను గోడ ఇవతల నుంచి వినేదాన్ని. ఒక్క మాట చెబితే చాలు. ఎందుకు చెప్పలేదు? ఒంటరి ఆడది పరాయి ఇంట్లో చొరబడి కూర్చుందంటారని భయపడ్డానా, లేక నన్ను బిడ్డా అని పిలిచే ఒక్క మనిషి కూడా దూరమవుతాడనా? రెండో తాళంచెవి నా దగ్గర ఉండిందన్న సంగతి ఆయనకు తట్టలేదా? తట్టినా, నన్ను అనుమానించడం కంటే తనను తాను అనుమానించుకోవడమే నయమనుకున్నాడా?

ఏడాది తిరగకుండానే, మతి తప్పుతున్నవాడు ఒక్కడే ఉండకూడదని తనే చెప్పి, కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ వాటాకు చాలాకాలం ఎవరూ రాలేదు.

కొన్నేళ్లకు, చెప్పేయాలనే నిశ్చయంతో సుల్తానాబాద్ వెళ్లాను. గుమ్మంలోనే పేరు పెట్టి పిలిచాడు. మా వీధిలో ఒక్కరినీ విడవకుండా అందరి బాగోగులూ అడిగాడు. ఏ పేరూ తప్పలేదు. అంతలో కూతురు చాయ్ తెస్తే, “ఇంతకుముందే తాగిన్నా బిడ్డా?” అని అడిగాడు. తాగలేదు. నేను నా చాయ్ తాగేసి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను. మరుసటి ఏడు ఆయన పోయాడని కబురు వచ్చింది.

ఆయన సెల్లులు తీసే వెళ్లాడు. మళ్లీ వేసింది నేను. తీయకుండా వదిలేసింది నేను. ఆయనే మరిచాడని చెప్పిందీ నేనే.

ఇది రాశాక కాసేపు ఊరికే కూర్చున్నాను. దీన్ని క్షమించగలిగిన మనిషి లేడు, ఇంకెవరినీ నేను అడగను. ఊపిరి మాత్రం కొంచెం నిండుగా అందింది.