ఫోనుకి మర్యాద చేయవద్దన్న సుభద్ర గారు

సుభద్ర గారు ఇక లేరన్న వార్త గత సోమవారం ఉదయం పెదపాడులో మా బడికి చేరింది. తొమ్మిదో తరగతి హాజరు తీసుకుంటున్న నేను మిగతా పేర్లు పిలవలేకపోయాను. ఏలూరులో మూడు దశాబ్దాలు మనస్తత్వశాస్త్రం బోధించి, విశ్రాంత జీవితంలో తన ఇంటి ముందుగదినే ఆర్తుల ఆశ్రయంగా మలచిన ఆ విదుషీమణి గుండెపోటుతో హఠాత్తుగా కన్నుమూశారు. నేను ఆవిడ శిష్యురాలిని.

ఇటీవల ఆవిడ దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఇంటర్నెట్‌లో దొరికే మానసిక ఆరోగ్య పరీక్షలు రాసి, మార్కులు చూసుకుని మరీ వచ్చేవారు. ఆవిడ వాటిని తీసిపారేయలేదు. నిద్ర పట్టడం లేదని, దిగులుగా ఉందని మనిషి తనకు తాను ఒప్పుకోవడానికి అవి కొంత పనికొస్తాయనేవారు. ఇద్దరి మధ్య సంగతి ఒక్కరి జవాబుల్లో ఇమడదన్నదే ఆవిడ పేచీ.

ఒకసారి తాడేపల్లిగూడెం కిరాణా వ్యాపారి ఒకాయన వచ్చి, తన భార్యకు ఏదో మానసిక రుగ్మత ఉందని పరీక్షలో తేలిందన్నారు. తీరా అడిగితే ఆమె తరఫున జవాబులన్నీ ఈయనే నొక్కారట. సుభద్ర గారు నవ్వకుండా, ఈసారి ఆమెను తీసుకురండి, మీ తరఫున ఆమె నొక్కుతారు అన్నారు. ఆయన మళ్ళీ ఆ పరీక్ష జోలికి పోలేదు గానీ, భార్యను వెంటబెట్టుకుని వచ్చారు.

నా సంగతి ఇందుకు తలకిందులు. మా అమ్మ నాకిచ్చిన వరిచేను మా వారు నాతో మాటైనా అనకుండా చేపల చెరువుగా తవ్వించారు. ఏడాదిపాటు నేను నోరు మెదపలేదు. మనసు బాగోక ఫోనులో ఒక దాంపత్య పరీక్ష రాశాను. గొడవపడతారా అంటే ఎప్పుడూ లేదని, నిర్ణయాలు కలిసి తీసుకుంటారా అంటే ఎల్లప్పుడూ అని నొక్కాను. నూటికి తొంభై దాటాయి. మీ బంధం ఆరోగ్యంగా ఉంది అని వచ్చింది.

అది చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"ఇంత బాగుంటే నా దగ్గరకెందుకు వచ్చావమ్మా?"

అప్పుడు ఏడ్చాను. చెరువు సంగతి చెప్పాను. ఆయనంటే భయమా అని ముందుగా అడిగారు. భయం కాదు, ఎదురు చెప్పడం అలవాటు లేదండీ అన్నాను.

"చుట్టాలొచ్చి ఎలా ఉన్నారంటే బాగున్నామండీ అంటాం చూడు, ఫోనుకీ అదే మర్యాద చేశావు. దానికి నీ మొహం కనపడదు కదా, నమ్మేసింది. చెరువు గురించి నాతో అన్న మాట ఆయనతో అనమ్మా."

నాలుగు నెలలు అనలేకపోయాను. సోమవారం ఆవిడ అంతిమ దర్శనానికి మా వారే బండి మీద తీసుకెళ్ళారు. తిరిగి వస్తూ చెరువు గట్టు దగ్గర ఆపమన్నాను.

"ఇది మా అమ్మ చేనండీ. నన్ను అడగాల్సింది."

ఆయన బండికి స్టాండు వేసి దిగారు.

"నువ్వు ఏనాడూ కాదనలేదు. నీకిష్టమే అనుకున్నాను."

ఆ గట్టు మీదే, పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు, మేం తొలిసారి గొడవపడ్డాం. అది ఇంకా తేలలేదు. రోజూ కాసేపు మాట్లాడుకుంటున్నాం.

ఆ పుణ్యమూర్తి పాదాలకు నమస్కరించి నేను చెప్పుకోవలసిన మాట ఇది. ఎందరు గురువులున్నా ఇది విని సంతోషించే మనిషి ఆవిడ ఒక్కరే. మా ఇద్దరికీ మాటలు మొదలయ్యాయండీ అని ఎవరికి చెప్పను?