బోర్లించిన గిన్నె దగ్గర ఆగిన ప్రోగ్రాం

డిగ్రీ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో, కంప్యూటర్ నా మాట వినకపోతే తప్పు కంప్యూటర్‌దేనని నమ్మేంత ఆత్మవిశ్వాసం నాకుండేది. (ఇప్పుడు జీతం పెరిగి, అది తరిగింది.) శాలిబండలో ఇంటింటికీ పాలు పోసే కుటుంబం మాది. ఒక కంపెనీవాళ్లు ఉద్యోగానికి పెట్టిన పరీక్షలో నాకు ఒక్క లెక్కే మిగిలింది. ఒక సంఖ్య ఇస్తే, దానిలోని అంకెల్లో ఎన్ని ఆ సంఖ్యను శేషం లేకుండా భాగిస్తాయో చెప్పే ప్రోగ్రాం రాయాలి. 124కి జవాబు మూడు; ఒకటీ, రెండూ, నాలుగూ అన్నీ దాన్ని భాగిస్తాయి. పొద్దున పదిలోపు పంపకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే బర్రెలున్నాయి. మొదటిసారి సున్నా రాగానే ప్రోగ్రాం కుప్పకూలింది. సున్నాతో ఎవడు భాగించగలడు! మహా తెలివిగా, సున్నా కనబడితే ఆగిపొమ్మని రాశాను. ఈసారి కూలలేదు గానీ, 1204కి మూడు చెప్పాల్సింది రెండేనని హాయిగా అబద్ధమాడింది. తొమ్మిదిన్నరైంది. భాగహారంలోని హారం నా మెడకే బిగుస్తున్నట్టుంది.

సరిగ్గా అప్పుడే బాపు, అంటే మా నాన్న, పాలు పోసి ఖాళీ క్యాన్లతో వచ్చాడు. "ఏందిరా, పొద్దుగాల సంది దానితోటి లొల్లి?" "నీకు సమజ్ కాదు బాపూ, జర ఊకో!" "చెప్తే గదా సమజ్ అయ్యేది." (వదిలించుకోవడానికే చెప్పాను.) "సున్నా వచ్చిన కాడ ఆగుతున్నది." "ఎందుకాగుతది?" "నేనే ఆగమన్న. దానితోటి భాగిస్తే మొత్తం బంద్ పడతది." బాపు క్యాన్లు దించాడు. మా గల్లీలో ఆ పూట పాలు వద్దనుకున్నవాళ్లు గడప మీద గిన్నె బోర్లిస్తారు. "గిన్నె బోర్లేసిన ఇంటికాడ నువ్వేం జేస్తవ్?" "పక్కింటికి పోత." "మరి గిదేంది? ఒక్కరు గిన్నె బోర్లేసిర్రని క్యాన్ ఎత్తుకొని ఇంటికొస్తవా? మిగిలిన గల్లీ అంత చాయ్ లేక సావాల్నా?"

'ఆగిపో' తీసేసి 'దాటిపో' అని రాశాను. మూడు వచ్చింది. పదికి నాలుగు నిమిషాల ముందు పంపాను. ఉద్యోగం వచ్చిందని చెబితే బాపు ముఖం చిట్లించాడు. "గంతేనా? ముప్పై ఏండ్ల సంది నేను గదే చేస్తున్న, నాకొక్కడు ఏసీ రూముల కుర్చీ ఇయ్యలే!"

ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్ల ప్రోగ్రాం సున్నా దగ్గర నిలబడిపోతే "గిన్నె చూసుకోండి" అంటాను. వాళ్లు అర్థంకాక మర్యాదకు నవ్వుతారు. నేను మాత్రం, బాపుతో "నీకు సమజ్ కాదు" అన్న ఆ తెలివిమంతుణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఆ పొద్దున మా గల్లీ మొత్తంలో బోర్లా ఉన్న గిన్నె వాడొక్కడే.