నాయన ఏరిన మోదుగాకులు

డిగ్రీ చివరి ఏడాది మార్కాపురం కాలేజీలో నేను వృక్షశాస్త్రాన్ని తలకిందులు చేశాను. నవ్వకండి, ఓ అరగంట పాటు నిజంగానే చేశాను. పరువు పోవడానికి ఆ అరగంట చాలు.

మా పుస్తకంలో ఓ ముక్క ఉండేది: కొండ ఎక్కేకొద్దీ పైన్ చెట్లు పొట్టివవుతాయి, సూదుల్లాంటి వాటి ఆకులూ కురచవుతాయి. మన చెట్లలోనూ ఇలాగే ఉంటుందేమో చూడమని సారు నాకు ప్రాజెక్టు ఇచ్చారు. గిద్దలూరు వైపు మా ఊరికి ఆనుకొనే నల్లమల. పైన్ చెట్లు లేకపోతేనేం, మోదుగలు కావలసినన్ని. కొండ కింద నూరాకులు, కొండ మీద నూరాకులు కొలవాలి. నేను పాసవడం దాని మీదే ఆధారపడి ఉంది.

కింది ఆకులు నేనే, చేతికందినవి అందినట్టు తెంపాను. పైకెక్కడానికి ఎండ అడ్డొచ్చింది, అంటే బద్ధకం. మా నాయన రోజూ మేకలను తోలుకొని పైకే పోతాడు కదా, ఆయనకు సంచి ఇచ్చి నూరాకులు తెమ్మన్నాను. మూడు రోజులకు తెచ్చాడు. ఒక్క చిరుగు లేదు, ఒక్క పురుగు మచ్చ లేదు, ఒక్కోటి చేటంత. నేను కొలిచి, ఎగిరి గంతేసి, ఎత్తు పెరిగేకొద్దీ ఆకు పెరుగుతుందని రాసేశాను.

ప్రాజెక్టు చెప్పే రోజు నాయన ఉతికిన పంచె కట్టుకొని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పుస్తకాలన్నీ తప్పని నేను అరగంట వాయించాను. పై ఆకులు ఎవరు కోశారు, ఎలా ఏరారు అని సారు నెమ్మదిగా అడిగారు. నేను వెనక బెంచీ వైపు చూశాను. వెనక నుంచి నాయన లేచాడు.

“నేనే కోసినా సార్. విస్తర్లకు ఏరినట్ల ఏరినా. చిన్నయి, చిల్లులు పడినయి ఆడ్నే పారేసినా. పాప పరీక్షకు అట్లాంటివి ఎట్ల ఇస్తా?”

క్లాసంతా నవ్వింది, సారుతో సహా. ముందు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత, ఆ నూరాకుల కోసం ఆయన ఎన్ని చెట్లు గాలించి ఉంటాడో తట్టింది. సారు ఓ వారం గడువిచ్చారు.

ఈసారి నేనే ఎక్కాను, నాయన తోడుగా. ఆయన చెయ్యి పెద్దాకు వైపు పోవడం, నేను పట్టుకొని ఆపడం. కళ్లు మూసుకొని తెంపమంటే, కొమ్మంతా తడిమి చూసి మరీ తెంపాడు. మొత్తానికి కొలిచాం. పై ఆకులు నిజంగానే చిన్నవి.

“మన కొండాకు చిన్నదని రాస్తావా పాపా?” అన్నాడు మొహం చిన్నబుచ్చుకొని.

“రాయాల నాయనా.”

“రాసుకో. కోసింది నేనని మాత్రం రాయొద్దు.”

పాసయ్యాను. ఆయన పేరు మొదటి పేజీలోనే వేశాను, ఆ సంగతి ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు. పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: కొలతల పనికి నా మీద ప్రేమున్నవాళ్లను ఈ జన్మలో మళ్లీ పంపను.