బావ కేక అందని చోటు

మా బావ నారాయణకు ఫోన్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. లింగాల దగ్గర చీనీతోటలో నిలబడి ఒక్క కేక వేశాడంటే పక్క ఊళ్లో గొర్రెలు తలెత్తుతాయి. ఆ కేకతోనే ఆయన సేద్యం చేశాడు, పంచాయితీలు చేశాడు, మా అక్క నాగేంద్రమ్మతో కాపురమూ చేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా బావకు నోరు పెద్దదైతే చాలు.

"ఒమే!" అని వినిపిస్తే చాలు, అక్క పొయ్యి మీద పాలు పొంగుతున్నా "ఆఁ, వస్తాండా" అని పరుగెత్తేది. తీరా పోతే పక్కనే ఉన్న చెంబు అందించాలి. పులివెందులకు కాపురం మార్చాక ఇల్లు చిన్నదైంది కానీ కేక చిన్నది కాలేదు.

అక్కకు ఉన్నది ఒకే కోరిక. సముద్రంలో నిలబడాలి. బోరు ఎప్పుడు ఎండిపోతుందోనని చెట్టు చెట్టుకూ కాపలా కాసిన మనిషి. "అయిపోని నీళ్లు ఎట్లుంటాయో ఒక్కసారి కాళ్లు పెట్టి చూడల్ల స్వర్ణా" అనేది నాతో. బావ కొట్టిపారేసేవాడు. "ఏముందే ఆడ? తాగను రావు, తోటకు పారను రావు. ఆ నీళ్ల కోసం డీజిలు కాల్చల్నా?"

మొన్న చలికాలంలో పెద్దముడియంలో ఉండే ఆయన వియ్యంకుడు కాకినాడ పోయి, కోరంగి మడ అడవుల ఫొటోలు తెచ్చి చూపించాడు. అంతే, బావకు రోషం పొడుచుకొచ్చింది. పెళ్లాం అడిగితే కదలని మనిషి, వియ్యంకుడి మీద పోటీకి కదిలాడు. ప్రొద్దుటూరు నుంచి లాల్ బాషా బండి మాట్లాడి మమ్మల్ని ఎక్కించాడు.

మడ అడవిలో చెక్కల బాట మీద నడుస్తూ, బురదలో వేళ్లు పైకి లేచిన చెట్లను చూసి ముఖం చిట్లించాడు. "ఇదేం అడవి లాల్ బాషా? మన వంకలో కంపచెట్లు దీనికంటే నయం."

"సార్, కాస్త మెల్లగా మాట్లాడండి. జంతువులు బెదిరిపోతాయండి" అన్నాడు అక్కడి గార్డు.

"మేం మెల్లగనే మాట్లాడ్తాండామప్పా!" అని బావ అరిచాడు. కొంగలు లేచిపోయాయి.

కొంచెం ముందుకు పోయాక అక్క నా చెయ్యి పట్టుకుని ఆగింది. కాలువ అంచున ఒక నీటికుక్క, వెనకే దాని పిల్లలు. అక్క ఊపిరి కూడా బిగబట్టింది.

"ఒమే! చూడే, ముంగిస!"

బుడుంగుమని మునిగిపోయాయి. అక్క ముఖం చూడలేకపోయాను.

"ముంగిస కాదండి, నీటికుక్కండి. ఇక రావండి" అన్నాడు గార్డు.

"రాకుంటే పోనీ. మా ఊర్లో కుక్కలు లేవా?"

ఆ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు! హోటల్లో సంగటి లేదని యజమానితో జగడం పెట్టుకున్నాడు. సంగటి దొరకని ఊరూ ఒక ఊరేనా అని ప్రతి బల్ల దగ్గరా తీర్పు అడిగాడు. మేం బీచ్‌కు చేరేసరికి పొద్దు వాలిపోయింది.

"బండిలోంచే చూడే, కనపడ్తాంది గదా. చీకటి పడకముందే బయలెల్లల్ల" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం తెచ్చి కిటికీలో చూడమంటాడా! నేను నోరు తెరిచేలోపే అక్క చెప్పులు బండిలో విడిచింది. తలుపు తీసుకుని దిగి నడిచింది. నేనూ వెంట పోయాను. మోకాళ్ల దాకా దిగి, చీర తడుస్తున్నా అట్లాగే నిలబడింది. అలలు హోరుమంటున్నాయి.

వెనక్కి తిరిగి చూస్తే తడి ఇసుక అంచున బావ. చేతులు నోటికి అటూ ఇటూ పెట్టుకుని అరుస్తున్నాడు. నోరు కదలడం తెలుస్తోంది, మాట రావడం లేదు. అల ఒకటి కాళ్ల దగ్గరికి వస్తే ఎగిరి వెనక్కి దూకాడు. లింగాల సింహం!

అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. "ఇనపడ్లా!" అంది. మళ్లీ సముద్రం వైపు తిరిగింది. "వస్తాండా" అనలేదు.

తనకు చాలనిపించేదాకా అక్కడే ఉంది. అప్పటికి బావ గొంతు బొంగురుపోయింది. లాల్ బాషా "గమ్మునుండు మామా, గొంతు పోతాది" అని ఆయన్ను కూర్చోబెట్టాడు.

బండి కదిలాక, వచ్చీరాని గొంతుతో బావ అడిగాడు. "అంతసేపు ఏం చేస్తివే ఆడ? ఏముండ్య?"

అక్క తడి కొంగు కిటికీ బయటికి పిండుకుంటూ చెప్పింది.

"శానా బాగుండ్య. నీ మాట ఇనపడ్లా."