చెరువు గట్టున మిస్డ్ కాల్ పెట్టె

2006లో పటమటలో నాది సెల్‌ఫోన్ల కొట్టు. మా నాన్నది వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల వ్యాపారం. మొదట చెప్పిన ధరకే సరుకిచ్చేవాణ్ణి మా ఇంట్లో నిజాయితీపరుడు అనరు, ఒంట్లో బాగాలేదేమో అంటారు. నేను చదివిన చదువు అదే.

ఆ రోజుల్లో రొయ్యల రైతులకు పవర్ అలారం అనే పెట్టె అమ్మేవాణ్ణి. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు కరెంటు పోతే ఆగిపోతాయి. వెంటనే జనరేటర్ వేయకపోతే రొయ్యలు ఊపిరాడక చస్తాయి. పెట్టెలో బ్యాటరీ, సిమ్ ఉంటాయి. కరెంటు పోగానే రైతు సెల్‌కి మిస్డ్ కాల్ ఇస్తుంది.

బంటుమిల్లి వైపు నుంచి నాంచారయ్య గారనే రైతు వచ్చారు. లీజు చెరువు. అంతకుముందు పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. ఇదీ పోతే చెరువు వదిలేసి పరాయి గట్టున కాపలా కూలీగా చేరడమే.

"బోణీ బేరమండీ, ఇంతకన్నా తగ్గదు," అన్నాను.

"మధ్యాహ్నం మూడయింది. మీకు రోజుకెన్ని బోణీలండీ?"

ఇద్దరం నవ్వుకున్నాం. నష్టానికిస్తున్నానని ఒట్టేశాను. ఆయన లేచి మెట్లు దిగిపోయారు. వెనక్కి పిలిచాను. చివరికి నేను మొదట చెప్పినదాంట్లో సగానికి తెగింది. అందులోనూ నాకు లాభమే.

పెట్టె కడుతూ చెప్పాను: "నెలనెలా ఈ సిమ్‌కి రీఛార్జ్ చేయించండి. లేకపోతే వేలిడిటీ అయిపోయి మూగబోతుంది."

"మిస్డ్ కాల్‌కి డబ్బులెక్కడ తెగుతాయండీ? ఊరంతా వాటిమీదే బతుకుతుంటే! మీ కార్డులు అమ్ముకోడానికి కాకపోతే."

మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వుతూనే బస్సెక్కారు.

పెట్టె బిగించి, మెయిన్ తీసి చూసుకున్నారట. సెల్ మోగింది. ఇక గట్టు మీది పాక వదిలి ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టారు.

వానలు పడ్డాక ఒకరోజు పెట్టెను తువ్వాల్లో చుట్టుకుని వచ్చారు. నీళ్ళు దిగితే గ్యారంటీ లేదు అనే మాట అప్పటికే నా నోట్లో సిద్ధంగా ఉంది.

"తెల్లారి వెళ్ళేసరికి ఏరేటర్లు ఆగి ఉన్నాయండీ. రొయ్యలన్నీ తేలిపోయి, గట్టు పొడుగూతా కాకులు. రాత్రి కరెంటు పోయినా ఇది మోగలేదు."

పెట్టెలోని సిమ్‌కి నా సెల్ నుంచి చేసి స్పీకర్ పెట్టాను. ఈ నంబరు తాత్కాలికంగా వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు.

"నేను చెప్పాను కదండీ..."

"చెప్పారండీ. రెండుసార్లు చెప్పారు. మీ మాటల్లో సగం బేరానికే అనుకున్నా. ఇదీ ఆ సగంలోదే అనుకున్నా."

నా సెల్ తీసి జేబులో వేసుకున్నాను.

"ఇప్పుడు రీఛార్జ్ చేస్తే మోగుద్దా?" అని అడిగారు.

"మోగుతుందండీ."

"దేనికోసం మోగాలి లెండి," అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయారు. పెట్టె బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత కూడా బేరాలాడాను. అది మానితే కొట్టు మూసుకోవాలి. అయితే అలారం పెట్టె అడిగినవాళ్ళకు మాత్రం ధర కంటే ముందు రీఛార్జ్ సంగతి చెప్పేవాణ్ణి. వాళ్ళు సరేనన్నాకే ధర. ఒకసారి ధర పలికాక, నా నోట్లోంచి వచ్చే నిజాన్ని కూడా ఎవరైనా సగానికే అడుగుతారు.